టార్క్విల్ చెప్పిన దారి

టార్క్విల్ మంచిమాట చెబితే దాని వెనక ఏదో ఉంటుందని ఫార్కర్‌కు ఇరవై రెండేళ్ల అనుభవం. బ్యూలీలో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఫార్కర్ వడ్రంగం చేసి మానేశాడు, టార్క్విల్ రొట్టెల బట్టీ నడిపి మూసేశాడు. ఏటా జూన్ మొదటి శనివారం చక్రాల మీద ఇల్లులాంటి చెరో కారవాన్‌ను కారు వెనక తగిలించుకుని, పడమటి తీరాన గేర్లాక్ దగ్గర కారవాన్లు దించుకునే మైదానానికి బయలుదేరతారు. ఆ మైదానం కొసన ఒక జాగా ఉంది. రెండు వైపులా సముద్రమే. ముందు చేరినవాడిదే ఆ జాగా. రెండోవాడు చెత్తడబ్బాల పక్కన దిగి, రెండు వారాలూ ఆ కొసవైపు చూస్తూ గడపాలి.

శుక్రవారం సాయంత్రం టార్క్విల్ మ్యాపు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు.

"రేపు సముద్రం దారిన పోకయ్యా. గ్రిన్యార్డ్ కొండ మీద రోడ్డు తవ్వుతున్నారు. మా తమ్ముడు నిన్న రెండు గంటలు ఇరుక్కుపోయాడు. గార్వ్ దాటగానే ఎడమకి తిరిగి అక్నషీన్ మీదుగా పో. సరస్సు పక్కనే దారి, చూడ్డానికీ బాగుంటుంది."

"నువ్వెటు పోతున్నావ్?"

"నేనూ అటే."

ఫార్కర్ తలూపి లోపలికి వచ్చి తలుపు వేశాడు.

"వాడికి తమ్ముడున్నాడా?" అని భార్యను అడిగాడు.

"మన పెళ్లికి వచ్చి బల్ల విరగ్గొట్టింది ఎవరనుకున్నావ్?" అంది ఊనా. "అడక్కుండా సాయం చేస్తే దానికీ ఏడుపేనా?"

అడక్కుండా చేయడమే ఫార్కర్ అనుమానం. మైదానం గేటు పన్నెండుకు గానీ తీయరని మూడేళ్ల కిందట ఈ టార్క్విలే చెప్పాడు. పదింటికే తీశారు. అక్కడ గ్యాస్ దొరకదని ఆ మరుసటేడు ఫార్కర్ చెబితే, పాపం టార్క్విల్ సిలిండర్ కోసం ఇన్వర్నెస్ పట్నమంతా తిరిగాడు. అయితే ఫార్కర్ లెక్కలో అది మోసం కాదు, ముందుజాగ్రత్త చెప్పడం.

తెల్లవారి ఏడింటికి చూస్తే టార్క్విల్ వాకిలి ఖాళీ. గార్వ్‌లో టీ తాగడానికి ఆగినప్పుడు ఫార్కర్ దుకాణంలో ఉన్నావిడను అడిగాడు.

"సముద్రం దారిలో రోడ్డు తవ్వుతున్నారటగా?"

"అవునంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"ఇందాక కారవాన్‌తో ఒకాయన వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, ఎర్ర టోపీ. వెనక మీలాంటాయన ఒకరొస్తారు, అక్నషీన్ వైపే పొమ్మని చెప్పండమ్మా అని మరీ మరీ చెప్పి వెళ్లాడు."

ఫార్కర్ టీ సగంలోనే వదిలేశాడు. ఎడమకి తిరగాల్సిన చోట తిరగలేదు.

"ఇదేమిటి?" అంది ఊనా.

"వాడు నన్ను అటు తోసి, తాను ఇటు పోతున్నాడు. తెలియడంలా?"

బ్రేమోర్ దగ్గర పసుపుపచ్చ బోర్డు కనిపించింది. ముందు రోడ్డు పనులు జరుగుతున్నాయని రాసి ఉంది. ఊనా దాన్ని పైకి చదివింది.

"పని అయిపోయాక కూడా నెలల తరబడి ఆ బోర్డులు తీయరు," అన్నాడు ఫార్కర్.

సముద్రం మాత్రం ఆ వేళ వెలిగిపోతోంది. దాన్ని చూసే తీరిక అతనికి లేదు. ప్రతి మలుపులోనూ ముందు ఎర్ర టోపీ కనిపిస్తుందేమోనని వెతుకుతున్నాడు. ఎర్ర టోపీ కనిపించలేదు గాని, గ్రిన్యార్డ్ కొండ మొదట్లో ఇరవై బళ్ల వరస కనిపించింది. గంటన్నర కదల్లేదు. కదిలాక సగం కొండ మీద తారు లారీ ఎదురొచ్చింది. దానికి దారివ్వాలంటే కారవాన్‌ను వెనక్కి తీయాల్సిందే. ఊనా దిగి వెనక నిలబడి చేతులూపింది. "ఎడమకి, నీ ఎడమకి కాదు, నా ఎడమకి" అని ఆమె అంటూ ఉండగానే కారవాన్ మూల ఇనప కమ్మీకి రాసుకుంది. మూరెడు గీత పడింది. లారీ డ్రైవరు మర్యాదగా అటువైపు తల తిప్పుకున్నాడు.

మైదానం చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. కొస జాగాలో టార్క్విల్ కుర్చీలో కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాడు.

"ఎటునుంచి వచ్చావేంటి, ఇంత సేపు?"

ఫార్కర్ దిగి గీత పడ్డ మూలకు అడ్డంగా నిలబడ్డాడు.

"సముద్రం దారిన వచ్చావా? పోవద్దని చెప్పానుగా."

"అందుకే వచ్చాను," అన్నాడు ఫార్కర్.

"వస్తావని తెలిసే చెప్పాను," అన్నాడు టార్క్విల్. "అబద్ధం చెబితే ఏ పోస్టుమ్యాన్‌నో అడిగి పట్టేసేవాడివి. నిజం చెబితే ఎవరినడిగినా నమ్మవు."

ఊనా అంతసేపూ బిగబట్టిన నవ్వు ఇక ఆపుకోలేక, తన కుర్చీ తీసుకుని కొస జాగాకే వెళ్లి కూర్చుంది.

ఫార్కర్ చెత్తడబ్బాల పక్కన కారవాన్ దించి, దాని తలుపు ముందు గుడారం కట్టడం మొదలుపెట్టాడు. టార్క్విల్ అక్కడినుంచే కేక వేశాడు.

"పొద్దున్నకి గాలి లేస్తుందట. మేకులు గట్టిగా కొట్టుకో."

ఫార్కర్ సుత్తి పట్టుకుని ఆగిపోయాడు. ఆకు కూడా కదలడం లేదు. టార్క్విల్ ముఖం చూశాడు. అందులో ఏమీ లేదు. ఊనా ముఖం చూశాడు. ఆమె టీలో చక్కెర కలుపుకుంటోంది. నిజమైతే కొట్టాలి. అబద్ధమైతే, గాలి లేని మైదానంలో చెమటోడుస్తూ మేకులు కొట్టేవాణ్ణి రెండు వారాలు తలుచుకుని నవ్వుతారు. నిజమే అబద్ధంలా చెబుతున్నాడేమో. అదీ కాకపోతే ఇంకేదో.

చాలాసేపు ఆలోచించి, సముద్రం వైపున్న మేకులు మాత్రం గట్టిగా కొట్టాడు.