కోయని కుట్లు

అల్మాటీ ప్రయోగశాలలో సాందుగాష్ తెర వైపు చూసింది. ఆమె టేపుతో స్ఫటికాన్ని పొరలు పొరలుగా ఒలిచి చేసిన చిన్న పరికరం, తోలును దాటొచ్చే టెరాహెర్ట్జ్ కిరణాలను పట్టుకోవాలి. కానీ తెరంతా నలుపే.

బల్ల మీద మ్యూజియం వాళ్ల పాత తోలు తాయెత్తు ఉంది. ఎవరో తల్లి బిడ్డ కోసం కుట్టినది. లోపల ఏముందో ఈ పరికరంతో తేలకపోతే కుట్లు కోసేయాల్సిందే.

"నీ యంత్రానికి చూపు లేదే పిల్లా," అంది మ్యూజియంలో పనిచేసే రౌషన్, కత్తెర అందుకుంటూ. "నేనేమో తోలు పగలకుండా రెండు రోజులు తడిగుడ్డలో చుట్టి, పసిబిడ్డలా తెచ్చాను."

"తడిగుడ్డలోనా! అయ్యో అక్కా, తడి ఉంటే ఈ కిరణాలు దాటవు!"

రౌషన్ చెయ్యి ఆగిపోయింది. "ముందే చెప్పొద్దూ?"

"మీరు తడుపుతారని నాకేం తెలుసు?"

తాయెత్తును నాలుగు రోజులు నీడలో మెల్లగా ఆరనిచ్చారు. ఐదో రోజు తెర మీద నాలుగు మడతల కాగితం కనిపించింది. ఇక కుట్లు కోసే పని లేదు.

రౌషన్ తెర దగ్గరకు వంగి చూసింది. తర్వాత, కొత్త కోడలి ముఖం తొలిసారి చూసినవాళ్లు కానుక ఇచ్చినట్టే, తన వెండి ఉంగరం తీసి సాందుగాష్ చేతిలో పెట్టింది.

"తొలిచూపు కదమ్మా, ఊరికే చూడకూడదు."