అబ్బులు వంతు నీళ్లు

దువ్వాడ స్టేషనుకు అవతల, స్టీలు ప్లాంటు పొగ కనబడేంత దూరంలో అబ్బులుకు ముప్పాతిక ఎకరం ఉంది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి గింజలు అందులోంచే రావాలి. 2004లో వ్యవసాయాఫీసరు ఊళ్లోకొచ్చి, శ్రీ పద్ధతిలో వరి వేస్తే పొలంలో నీళ్లు నిలవుంచక్కర్లేదు, తడిపి ఆరబెడుతుంటే చాలు, సగం నీళ్లు మిగులుతాయని చెప్పాడు. సరేనన్నది అబ్బులొక్కడే.

జానెడు దూరానికి ఒక్కో లేత మొక్క నాటించాడు. ఊరంతా గట్టుమీద నిలబడి నవ్వింది.

"ఏటి బావా, మిగతా మొక్కలు ఎవులైనా ఎత్తుకుపోనారా?" అన్నాడు పక్క చేను పైడయ్య.

అబ్బులుకు రోషం ఎక్కువ. "మీలాగ నాను సెరువంతా తాగెయ్యను బావా. సగం నీళ్లు సాలు నాకు" అనేశాడు అందరి ముందూ.

అతను చెప్పినవాటిలో ఊరు నమ్మింది ఆ ఒక్క మాటే.

తర్వాత వాన మొహం చాటేసింది. చెరువు నీళ్లకు వంతులు పెట్టారు. తన వంతు రోజున అబ్బులు పార పట్టుకుని వెళితే, ఆ నీళ్లు పైడయ్య చేలోకి పారుతున్నాయి.

"నీకు నీళ్లెందుకు బావా? ఆరబెట్టి పండిత్తన్నావు గదా!" అన్నాడు వంతులు చూసే శ్రీరామ్మూర్తి, ఎంతో మర్యాదగా.

"ఆరబెట్టాలంటే ముందు తడపాల కదేటి!"

"సగం సాలన్నావు. ఆ సగం వానలో వత్తాది."

ఆఫీసరు చెప్పిన పద్ధతిని ఊరంతా ఏకగ్రీవంగా ఒప్పేసుకుంది, అదీ ఒక్క అబ్బులు చేనుకు మాత్రమే.

చేను నెర్రెలిచ్చింది. ఆకులు చుట్టుకుపోయాయి. అబ్బులుకు కంటిమీద కునుకు లేదు. "ఆ పద్ధతి దండగని నలుగుర్లోనూ సెప్పెయ్యి. నీ పరువుతో అన్నం ఒండమంటావేటి?" అంది భార్య కామేశ్వరి.

మర్నాడు పంచాయతీ దగ్గర, ఆఫీసరు వింటుండగానే చెప్పేశాడు. "నాను మోసపోనాను. ఆ పద్ధతి మనకి పనికిరాదు. అందరిలాగే నాకూ నిండా నీళ్లు కావాల."

నిజం చెప్పిన ఆఫీసర్ని అబద్ధాలకోరును చేశానని అబ్బులుకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఊరు మాత్రం జాలిపడి వంతు తిరిగిచ్చింది.

అప్పట్నుంచి వంతు వచ్చినప్పుడల్లా గట్టు నిండా నీళ్లు పెట్టించుకునేవాడు. అందరూ వెళ్లాక, ఆఫీసరు చెప్పినట్టు చేను ఆరాలి గనక, సగం పక్కనున్న గెడ్డ వాగులోకి వదిలేసేవాడు. కరువులో అన్ని నీళ్లు ఎవరికీ కాకుండా సముద్రంలోకి పోయేవి.

చేను తేరుకుంది. దుబ్బు దుబ్బుకీ ముప్పై కంకులు. కోతలప్పుడు పైడయ్య వచ్చి ఒక కంకి చేత్తో పట్టి చూశాడు.

"సూసావా బావా, నిండా నీళ్లెట్టావు, పండింది. ఆ ఆఫీసరు మాటే ఇనుంటే ఏటయిపోదువో!"

అబ్బులు ఏదో చెప్పబోయాడు. వచ్చే ఏడు వంతు గుర్తొచ్చింది.

"అవును బావా" అన్నాడు.