మూతపడని ఏడేళ్లు

చిన్నకోడలికి కోపమొస్తే గరిటె చప్పుడు మారుతుందని ఆ హోటల్లో అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం గరిటె అసలు చప్పుడే చేయలేదు. దాన్ని అలాగే చేత్తో పట్టుకొని, వంటగదికీ హాలుకీ మధ్యనున్న వడ్డన కిటికీ పక్కన నిలబడి, బావగారు చెబుతున్న చరిత్ర వింటోందామె.

హోటలుకు ఆ రోజుతో అరవై ఏళ్లు నిండాయి. బార్లూ రెస్టారెంట్లూ వీధికి నాలుగున్నాయి గానీ, పేరు చెప్పకుండా "ఆ మూలమీది హోటల్" అంటే ఏ డ్రైవరైనా నేరుగా తెచ్చి దింపేది ఈ గుమ్మం ముందే. అందుకే పత్రిక నుంచి విలేకరి అమ్మాయి వచ్చింది. ఆదివారం పూర్తి పేజీ వేస్తారట. ఆ రాసిందాన్నే ఇత్తడి రేకు మీద చెక్కించి గుమ్మం పక్కన బిగించాలని బావగారి ముచ్చట. రేకు ఇంకా చెక్కనే లేదు, మేకులు మాత్రం గోడకు కొట్టేసి కూర్చున్నాడు మహానుభావుడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా హోటలు పెట్టిన రోజున, షట్టరు ఎత్తకముందే, ఇంటిల్లిపాదీ బోర్డు కింద నిలబడి ఫొటో దిగుతారు. అది ఫ్రేము కట్టించి బారు పక్క గోడకు తగిలిస్తారు. నాలుగు బల్లలతో, ఒక్క అలమారెడు సీసాలతో మొదలుపెట్టిన మామగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. విలేకరి అమ్మాయి చురుకైనది. ఆ ఫొటోలన్నీ లెక్కపెట్టింది.

"యాభైమూడే ఉన్నాయేంటండీ? మధ్యలో ఏడేళ్లవి కనపడటం లేదు."

బావగారు రుమాలుతో మీసం ఒత్తుకున్నాడు. "ఆ ఏడేళ్లా? హోటలు మూతపడిందమ్మా అప్పుడు. నాన్నగారికి పక్షవాతం వచ్చింది. చూసుకునే దిక్కులేదు. నేను తిరిగొచ్చి మళ్లీ తెరిచేదాకా తాళమే."

అమ్మాయి తలూపి రాసేసుకుంది.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది చిన్నకోడలికి ఒక్క క్షణంలో అనుభవమైంది. తాళమట! మామగారు మంచాన పడ్డ పదో రోజుకే తండ్రితో గొడవపడి, ఎవరితోనో కలిసి వేరే ఊళ్లో హోటలు పెడతానని వెళ్లిపోయింది ఎవరు? ఇంట్లో ఉన్న ఒక్క కెమెరానూ పెట్టెలో పెట్టుకుపోయింది ఎవరు? అయినా కెమెరా ఉంటే మాత్రం, బోర్డు కింద నిలబడి నవ్వే తీరిక ఆ ఏడేళ్లలో ఎవరికుంది?

ఆమెకు అప్పుడు ఇరవైనాలుగేళ్లు, చంకలో ఎనిమిది నెలల పిల్ల. పిల్లను ఉల్లిపాయల బస్తాల మధ్య పడుకోబెట్టి, నలుగురు చేయాల్సిన వంట ఒక్కతే చేసింది. వీధి కాలువ పొంగి వంటగదిలోకి నీళ్లొచ్చిన వారమంతా ఇటుకల మీద నిలబడి పొయ్యి ఆరకుండా చూసింది. మరిగే నూనె మోచేతి దాకా ఒలికిన రోజున తడిగుడ్డ చుట్టుకొని రెండో చేత్తో వడ్డించింది. ఇప్పుడు జనం ఎగబడి తాగే మిరియాల సూప్ ఆ రోజుల్లో ఆమె చేతిలో పుట్టిందే. మెనూలో మాత్రం దానికి మామగారి పేరుంది. ఇన్నేళ్లూ దానికి నోరెత్తలేదు. పెద్దాయన పేరే కదా అని సరిపెట్టుకుంది. ఇది వేరు. ఇది ఏడేళ్ల బతుకును బతికుండగానే చెరిపేయడం.

గరిటె అక్కడే పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకొని హాల్లోకి వచ్చింది. బల్లలన్నీ నిండి ఉన్నాయి. భోజనాల వేళ ఆమె అలా బయటికి రావడం అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు.

"బావగారూ, ఎప్పుడు మూతపడింది?"

ఆయన నవ్వాడు. "ఏదో మాటవరసకి చెప్పానమ్మా. నువ్వు లోపల చూసుకో."

"మాటవరసకి చెప్పింది ఇత్తడి మీద చెక్కిస్తారా?" అని, కిటికీ పక్క బల్ల దగ్గరున్న ముసలి టైలరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబాయిగారూ. మామగారు మంచాన ఉన్నప్పుడు మీరు మధ్యాహ్నం ఎక్కడ తిన్నారు?"

"ఇక్కడే తిన్నానమ్మా, ఇంకెక్కడ తింటాను?" అన్నాడాయన. "లోపల ఎవరు వండారో మాత్రం మనకేం తెలుసు?"

"చూశావా," అన్నాడు బావగారు విలేకరితో. "ఏదో అడపాదడపా తెరిచుంటారు. అదీ ఒక తెరవడమేనా!"

ఇంక మిగిలింది ఒక్కడే సాక్షి. బారు వెనక గ్లాసు తుడుస్తున్న ఆమె మొగుడు. ఆయనకు ఆ వీధిలో పోనీలే అని పేరు. గ్లాసు పగిలినా పోనీలే, తాగినవాడు తిట్టినా పోనీలే. ఆ ఏడేళ్లూ ఆ బారు వెనకే నిలబడ్డ మనిషి. కాలిన చేతికి మందు రాసిన మనిషి. ఆమె ఆయన మొహంలోకి చూసింది. హాలంతా ఆయన వైపే చూసింది.

ఆయన గ్లాసును వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. "పోనీలే," అన్నాడు మెల్లగా. "ఇప్పుడవన్నీ ఎందుకు? పండగలాంటి రోజు."

ఆమె లోపలికెళ్లి ఒక్కొక్క పొయ్యే కట్టేసింది. సిలిండర్లన్నీ మూసేసింది. సహాయకులిద్దరినీ పెరట్లోకి పొమ్మంది. వడ్డన కిటికీకి చెక్క తలుపేసి గడియ పెట్టింది. ఫ్యాను కూడా ఆపేసరికి, వంటగది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అని ఆమెకే వింతగా తోచింది. పీట లాక్కొని కూర్చుంది.

పావుగంట గడిచింది. సర్వర్లు తలుపు తట్టారు. ఎవరో బల్ల మీద చెంచాతో కొట్టారు. ఎవరో కుర్చీ జరిపి లేచారు. చివరికి పక్క తలుపులోంచి బావగారు వచ్చాడు, మొహం కందగడ్డ చేసుకొని.

"ఏంటమ్మా ఇది? ముప్ఫై బల్లలు ఎదురుచూస్తున్నాయి. పరువు తీస్తావా? ఎంతసేపు ఇలా?"

"ఏడేళ్లు," అంది ఆమె. "మూతపడటం అంటే ఎలా ఉంటుందో మీరెప్పుడూ చూడలేదుగా. చూడండి. ఆ అమ్మాయికీ చూపించండి."

"సరే, తప్పయింది. చాలా?"

"నాకు కాదు. హాల్లో చెప్పండి."

ఆయన తలుపులోంచి బారు వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, లేచిపోతున్నవాళ్లను చూశాడు. బయటికెళ్లాడు. చెక్క తలుపు వెనక నుంచి ఆమెకు గొణుగుడు వినిపించింది. అరచేత్తో తలుపును దబదబా బాదింది.

"వినపడలేదు!"

"ఆ ఏడేళ్లూ హోటలు తెరిచే ఉంది!" అన్నాడు బావగారు, ఈసారి వీధిలోకి వినపడేలా. "నేను లేను. మా మరదలు నడిపింది. రాసుకోమ్మా, రాసుకో."

ఆమె లేచి సిలిండర్లు తిప్పింది. అగ్గిపుల్ల మూడోసారికి గానీ వెలగలేదు. గెలిచినట్టేమీ లేదు. కోపం ఇంకా అలాగే ఉంది. అది బావగారి మీద కాదని అప్పటికి ఆమెకు తెలిసిపోయింది.

పోనీలే మెల్లగా లోపలికొచ్చాడు. తుడిచిన గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. "చెప్పేశాడుగా," అన్నాడు. "ఇంకా ఎందుకా మొహం?"

ఆమె సూప్ గిన్నె మీద మూత తీస్తూ, ఆయన వైపు తిరగకుండానే అంది:

"ఆయన ఆ ఏడేళ్లూ ఇక్కడ లేరు. అందుకే ఆ అబద్ధం ఆయన నోటికొచ్చింది. మీరు ఉన్నారు."