ఉమ్మనీరు ఎక్కడిది

మార్తమ్మ పీనాసిదని ఊళ్ళో పేరు. అబద్ధమేమీ కాదు. చుట్టూ కొల్లేరు ఉన్నా ఆ లంక ఊళ్ళో తాగే నీళ్ళంటే ఆటోలో వచ్చే టిన్నులే. ఆ టిన్ను దగ్గర ఆవిడ కాపలా కుక్కలా కూర్చునేది. "చూసి వాడమ్మాయ్, రేపటిక్కూడా రావాలి" అని కోడలు హెప్సిబాకి రోజూ చెప్పేది. కడుపుతో ఉన్నప్పుడూ ఆ మాట మానలేదు.

ఐదో నెల స్కానింగు నాటికి వరదొచ్చి రోడ్డు మునిగింది. తరవాత చూద్దాంలే అనుకున్నారు. ఏడో నెలలో నర్సు పొట్ట కొలిచి నొసలు ముడిచింది.

"నెలకి తగ్గట్టు పెరగలేదండీ. ఉమ్మనీరు తగ్గిందేమో. నీళ్ళు బాగా తాగించండి, ఏలూరు తీసుకెళ్ళి స్కానింగు తీయించండి" అంది.

బిడ్డని తనే ఎండగట్టానని మార్తమ్మ నిశ్చయించేసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆనాటి నుంచి కోడలి వెంట చెంబు పట్టుకుని తిరిగింది. మంచినీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు. హెప్సిబా వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, "ఇంకాస్త పొయ్యండి అత్తయ్యా" అనేది. ఎంత ఆశ ఆ పిల్లకి!

కొడుకు హెన్రీ చేపల లోడు మీద వెళ్ళడంతో ఏలూరుకి అత్తాకోడళ్ళే బయల్దేరారు. డాక్టరు ఇందు స్కానింగు ఒకటికి రెండుసార్లు చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆవిడ నోరు తెరవకముందే మార్తమ్మ ఒప్పేసుకుంది.

"తప్పు నాదేనండీ. నీళ్ళు పట్టి పట్టి పోశానండీ."

"మీ తప్పు కాదమ్మా. ఈ నెలల్లో ఉమ్మనీరంటే చాలా మటుకు బిడ్డ పోసే మూత్రమే. ఈ బిడ్డకి మూత్రపిండాలు కట్టలేదు."

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసింది. పిండం బియ్యపు గింజంత ఉన్నప్పుడు ఒక గొట్టం సన్నటి మొలక వేస్తుందట. దాపునే కణాల ముద్ద ఒకటి ఉంటుందట. మొలక వెళ్ళి తాకితే ముద్ద మూత్రపిండంగా పెరుగుతుంది, మొలక కొమ్మలు అందులోకి పాకి, కాడ మూత్రనాళం అవుతుంది. తాకకపోతే రెండూ దేనికీ కాకుండా పోతాయి.

"మూత్రసంచి ఉందమ్మా, దాని సంగతి వేరు. అది పేగు పుట్టే పొరలోంచి వస్తుంది. దాన్ని నింపేవే ఇక్కడ లేవు. ఇదంతా ఈ అమ్మాయికి నెల తప్పిందని తెలిసీ తెలియకముందే జరిగిపోయింది."

మార్తమ్మ ఒక్క క్షణం హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే ఆ ఊపిరికే సిగ్గుపడింది. తప్పు తనదైతేనే బాగుండేది. ఇంకో చెంబు పోసేది, కోడలి కాళ్ళు పట్టుకునేది, ప్రభువు ముందు ముక్కు నేలకి రాసేది. ఎవరి తప్పూ కానిదాన్ని ఎలా దిద్దుతారు?

"మరి బిడ్డ కదులుతుంది కదండీ" అంది హెప్సిబా.

"కదులుతుందమ్మా. లోపలున్నంత కాలం ఆ మూత్రపిండాల పని నీ ఒళ్ళే చేసి పెడుతుంది. ఉమ్మనీరు లేక ఊపిరితిత్తులు కూడా పెరగలేదు. పుట్టాక కొన్ని గంటలు, అంతే. మీరు సరేనంటే ప్రభుత్వ డాక్టర్ల బోర్డు అనుమతి తీసుకుని ముందే నొప్పులు తెప్పించవచ్చు. లేదా వాటంతటవి వచ్చేదాకా ఆగవచ్చు. ఏదైనా మీ ఇష్టమే."

మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రతి ఆదివారం గుళ్ళో లేచి నిలబడి, కోడలికి తొందరగా, సుఖంగా కాన్పు కావాలని అందరిచేతా ప్రార్థన చేయించింది ఆవిడే.

హెప్సిబా ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. తరవాత, కొట్లో బేరం అడిగినంత మామూలుగా అడిగింది.

"డాక్టరుగారండీ, అసలు నొప్పులే రాకుండా మందేవన్నా ఉందాండీ?"