కంచె ఎక్కడుందో చూపిస్తా

"పొద ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా నాదే అమ్మాయ్. వచ్చే వారం ట్రాక్టరు పెట్టి దున్నించేస్తా," అన్నాడు పొరుగు రైతు. "మీ ఆయన మంచాన పడ్డాక అటు కన్నెత్తి చూసినవాళ్ళెవరు?"

చూడలేదన్న మాట నిజమే. భర్తకు నడుం దెబ్బ తగిలి మూడేళ్ళయింది. దుక్కులు, నీళ్ళు, మందులు, ఇద్దరు ఆడపిల్లల చదువులు అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. ఈలోగా తూర్పు కంచెను ముళ్ళతీగలు, పిచ్చిచెట్లు కమ్మేసి ఆమె పొలంలోకి పది అడుగులు పాకాయి. అక్కడ కంచె ఉందంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

"కంచె ఆ పొద లోపలే ఉంది బాబాయ్. ఎక్కడుందో చూపిస్తా."

"చూపించు, చూద్దాం." నవ్వుకుంటూ పోయాడు.

ఆదివారం తెల్లవారేసరికి అక్కా బావా దిగారు. లారీ నడిపే బావ గొడ్డలి, పలుగు, లావుపాటి తాడు తెచ్చాడు. ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్క ముళ్ళు తీయడానికి సూదులు, పట్టకారు తెచ్చింది. కొడవళ్ళు నూరే పని తనదంటూ భర్త గట్టు మీద కుర్చీ వేయించుకున్నాడు. అత్తగారు మాత్రం గుమ్మంలోంచి సణిగింది.

"ఆ మనిషితో మనకెందుకే? పది అడుగులు పోతే పోయింది."

"పదకొండో అడుగు అడగనని రాసిస్తాడా అత్తయ్యా?"

అత్తగారు మూతి తిప్పుకుని లోపలికెళ్ళిపోయింది.

తీగలు పైన కోస్తే ఊడి రాలేదు. కింద మొదలు నరికి, తాడు కట్టి, ముగ్గురూ వెనక్కి వాలి లాగితే ఒక్కో పొద చిరుగుతున్న గుడ్డలా లేచింది. ఆమె చేతులు మోచేతులదాకా గీరుకుపోయాయి. "చాలు, కాస్త కూర్చో," అంది అక్క. ఆమె వినిపించుకోలేదు.

మధ్యాహ్నం బావ గొడ్డలి ఠంగుమంది. సిమెంటు స్తంభం! దాని పక్కనే ఒక చెట్టు ఇనుప తీగను మానులోకి మింగేసి పెరిగింది. అటూ ఇటూ తీగ కొసలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఇదిగో, ఉందండీ!" అని ఆమె భర్తకు వినబడేలా అరిచింది. ఆయన చేతిలోని కొడవలి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రానికి పంతొమ్మిది స్తంభాలు వరసగా బయటపడ్డాయి. ఆ తర్వాత నాలుగు లేవు. వాటి చోట మట్టి మెత్తగా ఉంది. పలుగు ఇట్టే దిగింది. ఎవరో పీకి గుంటలు పూడ్చారు.

అప్పుడే పొరుగు రైతు ట్రాక్టరు మీద వచ్చాడు. నాలుగు స్తంభాలు లేని ఆ ఖాళీ మేర దున్నేస్తానంటూ ఒంటికాలి మీద లేచాడు. బావ పలుగు బిగించి పట్టుకున్నాడు. అంతలో వెనక నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. అత్తగారు ఆ ఖాళీ మధ్యలో కుర్చీ వేసుకుని, చీర సర్దుకుని కూర్చుంది.

"ఈ గుంటలు నా మొగుడితో కలిసి నేను తవ్వాను. అప్పటికి నీకు పెళ్ళి కూడా కాలేదు. కానియ్, తొక్కించుకుపో."

"లే పెద్దమ్మా, నీకెందుకిది?"

"నాకు కాక ఇంకెవరికిరా? నా కోడలు చెప్పింది నిజం."

కాపురానికొచ్చి పదహారేళ్ళయినా అత్తగారి నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. పార అందుకుంది. ట్రాక్టరు ముందే వంగి మొదటి గుంట తవ్వడం మొదలుపెట్టింది.

"సర్వేయరుని తీసుకొస్తా!"

"తీసుకురండి. కొలిచేదాకా నేనిక్కడే ఉంటా," అంది తలెత్తకుండా.

ట్రాక్టరు కాసేపు గుర్రుమని, ఆగి, వెనక్కి తిరిగింది.

మూడు వారాలకు సర్వేయరు వచ్చి కొలిచాడు. గీత స్తంభాల మీదుగానే పోయింది. పొరుగు రైతు ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. ఎదురుపడినప్పుడు ఆమె పక్కకు తప్పుకోదు.