పిసినారక్క

కొలత గ్లాసును కంటికి ఎదురుగా పట్టుకుని, గీత దాటిన పాలజావను నర్సు మళ్లీ గిన్నెలోకి ఒంపింది.

వార్డంతా ఆమెను చాటుగా పిసినారక్క అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తిండిలేక చిక్కి శల్యమై వచ్చినవాళ్లకు చెంచాలతో కొలిచి పెట్టడమే ఇన్నేళ్లుగా ఆమె పని. ఇంట్లో మాత్రం వడ్డించడానికి కూర్చుంటే చెయ్యి ఆగదు. "ఆస్పత్రి కసంతా మా కంచాల్లో తీర్చుకుంటున్నావా?" అంటాడు భర్త.

మంచం మీద దర్జీ. గొంతులో గడ్డ అడ్డుపడి నెలల తరబడి అతనికి మెతుకు దిగలేదు. గడ్డ తీశారు, ఇప్పుడు దిగుతుంది. భయమంతా అందుకే. దవడలు లోపలికి పోయాయి. పాదాలు మాత్రం నీరుపట్టి ఉబ్బాయి.

పక్కనే అతని అక్క, ఒళ్లో క్యారేజీతో.

"నాలుగు ముద్దలు పెట్టనియ్యమ్మా. కడుపు మాడిపోయినవాడు."

"వద్దమ్మా. ఒంట్లో లవణాలు అడుగంటిపోయాయి. ఒక్కసారిగా తింటే రక్తంలో మిగిలిన కాస్తనీ కణాలు లాగేసుకుంటాయి. గుండె లయ తప్పుతుంది."

"తిండి పెడితే పోతారని ఎక్కడైనా విన్నామా?"

నర్సు విన్నది కాదు, కళ్లారా చూసింది.

మధ్యాహ్నానికి దర్జీ వేళ్లు తిమ్మిరెక్కాయి. గుండె దడదడలాడింది. రక్తపరీక్షలో పొటాషియం, ఫాస్ఫేటు బాగా పడిపోయాయి. అక్క నిలువునా నీరైపోయింది.

"నేనేం పెట్టలేదమ్మా, ఒట్టు!"

"తెలుసమ్మా. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి ఇలా అవుతుంది. అందుకేగా ఈ కాపలా."

డాక్టరు వచ్చి జావ ఇంకా తగ్గించమన్నాడు, లవణాల సెలైను పెట్టించాడు. అదీ వేగంగా ఎక్కకూడదు. నర్సు తన భోజనం మాట మరిచి, దర్జీ మణికట్టు పట్టుకుని, ఒక కన్ను చుక్కల మీద, ఒక కన్ను మానిటరు మీద ఉంచి కూర్చుంది. అతని నాడి ఆమె వేళ్ల కింద తడబడుతూ, తడబడుతూ, చివరికి దారికొచ్చింది.

సాయంత్రం రెండో పరీక్ష చూసి డాక్టరు తలూపాడు. "గండం గడిచింది."

నర్సు గ్లాసు తెచ్చి అక్క చేతికిచ్చింది. "ఈ విడత మీరే పట్టండి."

దర్జీ నాలుగు చెంచాలు మింగి నోరు తెరిచాడు. "ఇంతేనా?"

"ఇంతే! నోరు మూసుకుని పడుకో" అని కసిరింది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

నర్సుకు నవ్వాగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆకలి.

వారాలు గడిచాక, ఆమె సెలవులో ఉన్న రోజున, దర్జీ తన కాళ్లమీద తాను నడుచుకుంటూ అక్కతో ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు ఆ మంచానికి కొత్త దుప్పటి పరుస్తూ నర్సు పక్కనున్న సొరుగు లాగింది. అందులో దర్జీ వదిలి వెళ్లిన పాత తోలు బెల్టు. నడుం చిక్కినకొద్దీ కత్తెర మొనతో లోపలికి, ఇంకా లోపలికి పొడుచుకుంటూ పోయిన బెజ్జాలు. చిట్టచివరి దాని అంచు ఇంకా అరగనేలేదు.