బెంచీ కోసం కొండ దిగిన కుగెల్

ఒక్క వారంలో నేను లోకాన్ని నూట పద్నాలుగు చోట్ల బాగుచేశాను. ఒక్కటి కూడా గొప్ప కోసం చేసింది కాదు. నోటుబుక్కులో అన్నిటికీ నంబర్లు వేసి, ముఖ్యమైన వాటి కింద ఎర్రగీత గీసి, అట్ట మీద నా పేరు అరచేతంత అక్షరాలతో రాసింది వెతుక్కోవడానికి సులువుగా ఉంటుందని మాత్రమే.

ఆదివారం క్లాసులో మా యూదుల మతగురువు, రబ్బీ, ఇచ్చిన పని అది. లోకం మొదట్లోనే ఎక్కడో కాస్త పగిలిందనీ, అతుకు వేసే పని దేవుడు మనకు వదిలిపెట్టాడనీ ఆయన చెబుతారు. రోజుకో చిన్న మంచిపని చేయండి, చేసి మర్చిపోండి అన్నారు. మర్చిపోతానేమోనన్న భయంతోనే నేను రాసిపెట్టుకున్నాను.

రబ్బీ కళ్ళజోడు పైకి నెట్టుకుని నోటుబుక్కు తెరిచారు.

"ముప్ఫై ఏడు. పోయిన గొడుగు వెతికి యజమానికి చేర్చాను. ఎవరి గొడుగు?"

"మీదేనండీ."

"ఎక్కడ దొరికింది?"

"మీ ఇంట్లో. గొడుగులు పెట్టే చోట."

ఆయన ఒక గీత కొట్టారు. "నలభై నుంచి తొంభై వరకు, చీమలకు దారి వదిలాను. యాభై ఒక్కటీ చీమలేనా?"

"ఒకటి సాలీడండీ."

ఇంకో గీత. అలా కొట్టుకుంటూ పోయి చివరి పేజీలో ఆగారు. "పోమెరాన్స్ గారికి శనివారపు షబ్బత్ రొట్టె ఇచ్చాను. ఆఁ, ఇది నిజంలా ఉంది."

"అది మా బూబా పంపిందండీ. నేను మోశానంతే." బూబా అంటే మా అమ్మమ్మ.

"సగం మార్కు వేస్తాలే. ఏడు వారాల నుంచి ఆవిడ సమాజమందిరానికి రావడం లేదు. ఎందుకని అడిగావా?"

"రొట్టె వేడిగా ఉందండీ. చేతులు కాలిపోతుంటే అడగలేకపోయాను."

"ఇప్పుడు చల్లారి ఉంటుంది. వెళ్ళి అడుగు."

నూట పద్నాలుగులో మిగిలింది సగం మార్కు. చరిత్రలో ఇంత నష్టం ఇంకెవరికీ జరిగి ఉండదు.

మిసెస్ పోమెరాన్స్ మా వీధి కొండవాలుకి అడుగున ఉంటుంది. మేం ప్రార్థనకి చేరే సమాజమందిరం కొండ నెత్తిన. ఎనభై నాలుగేళ్ళు. ఒకప్పుడు టోపీలు కుట్టేది. ఇప్పటికీ ఎవరైనా ఎదురైతే ముందు తల చుట్టుకొలత అంచనా కట్టి, తర్వాత ముఖం చూస్తుంది.

"ఏం పిల్లా, మళ్ళీ రొట్టేనా?"

"కాదండీ. మీరు మందిరానికి ఎందుకు రావడం లేదో కనుక్కోమన్నారు. నాకు సగం మార్కు ఉంది దీని మీద."

ఆవిడ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పింది. కొండకి సరిగ్గా సగంలో, బస్టాపు పక్కన ఒక బెంచీ ఉండేది. రంగు వేస్తామని కౌన్సిల్ వాళ్ళు పట్టుకుపోయారు. రంగు వేశారో లేదో తెలియదు, బెంచీ మాత్రం తిరిగి రాలేదు.

"సగం కొండ నేను ఎక్కగలను. పది నిమిషాలు కూర్చున్నానా, మిగతా సగం కూడా ఎక్కగలను. ఇప్పుడు అక్కడ కూర్చుందామంటే గాలి తప్ప ఏమీ లేదు."

శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా మాకు షబ్బత్, ఏ పనీ ముట్టని విశ్రాంతి రోజు; అప్పుడు మావాళ్ళెవరూ కారెక్కరు. అందుకని అన్నాను, "చక్రాల కుర్చీలో తోసుకెళ్తామండీ. మా బూబా కూడా అంటోంది."

"నేనేమన్నా కూరగాయల బండినా? యాభై ఎనిమిదేళ్ళుగా నా కాళ్ళ మీదే వెళ్ళాను. అలాగే వెళ్తాను, లేకపోతే మానేస్తాను."

"కౌన్సిల్‌కి ఫోన్ చేశారా?"

"రెండుసార్లు చేశాను. సంగీతం వినిపించారు. బాగానే ఉంది."

"మరి శనివారాలు మీతో ఎవరు మాట్లాడుతున్నారు?"

"ఫ్రిజ్. అది కూడా ఆగి ఆగి."

ఆవిడ నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ టీ సగంలోనే ఆపేశాను. కప్పు కింద పెట్టేసి ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రం బూబా కంప్యూటర్ ముందు కూర్చుని, మిసెస్ పోమెరాన్స్ పేరు మీద ఒక ఈమెయిల్ ఖాతా తెరిచి, ఆవిడ పేరుతోనే కౌన్సిల్‌కి ఉత్తరం రాశాను. ఆవిణ్ణి అడగలేదు. అడిగితే వద్దంటుంది, వద్దన్నాక చేస్తే తప్పవుతుంది కదా! ఉత్తరం మర్యాదగానే రాశాను. నేను కొండవాలు కూర్చునేవారి సంఘానికి అధ్యక్షురాలిని, మా సంఘంలో నాలుగువందల మంది సభ్యులు ఉన్నారు, కూర్చోవడంలో నాకు యూరప్ అంతటా పేరుంది, నా బెంచీ నాకిచ్చేయండి. కింద ఆవిడ ఇంటి చిరునామా.

మర్నాడే జవాబు వచ్చింది. టాటర్సాల్ అని, వీధుల్లో బెంచీలూ చెత్తడబ్బాలూ చూసుకునే ఆయన రాశాడు. బెంచీ అవసరమని తన కళ్ళతో చూడాలట, సభ్యుల సంతకాలు కూడా తీసుకోవాలట. వీధిలో ఎక్కువమంది ఎప్పుడుంటారో చెబితే వస్తానన్నాడు.

నాకు ఆలోచించే పనే లేకపోయింది. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర అని కొట్టాను. ప్రార్థన అయిపోయి ఊరంతా కొండ నెత్తినే ఉండే సమయం అది. శనివారం తనకు సెలవే అయినా, అధ్యక్షురాలి గారి కోసం వస్తానని ఆయన రాశాడు. లోకంలో ఇలాంటివాళ్ళు కూడా ఉంటారు.

శుక్రవారం సాయంత్రం బూబా షబ్బత్ మొదలుపెట్టే కొవ్వొత్తులు తీసి అగ్గిపెట్టె పట్టుకుంది. అప్పుడే నా ఫోన్ మోగింది. టాటర్సాల్ నుంచి మెయిల్: "పన్నెండు పెన్నులు తెస్తున్నాను. నాలుగువందల మందికి సరిపోతాయనుకుంటా."

పెన్నులు.

షబ్బత్ రోజున మాలో ఎవరూ పెన్ను పట్టరు. రాయరు, సంతకం చేయరు. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన సంగతే అది. మూడేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. లోకంలో ఇన్ని రోజులుండగా, చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా అక్షరం ముక్క రాయని రోజు చూసి మరీ పిలిచాను.

"బూబా, ఒక్క నిమిషం ఆగవూ? ఒక మెయిల్ కొట్టాలి."

"సూర్యుణ్ణి ఆగమంటావా?"

"అడిగి చూడొచ్చు కదా?"

"నువ్వు అడుగుతూ ఉండు, నేను వెలిగిస్తా." వెలిగించింది. నా ఫోన్ తీసి సొరుగులో పడేసింది. ఇక రేపు చీకటి పడే దాకా నేనూ, కౌన్సిల్‌ వాళ్ళూ వేర్వేరు గ్రహాల మీద ఉన్నట్టే.

రాత్రంతా నిద్రపోలేదు. అంటే పడుకోగానే పట్టేసిందనుకోండి, కానీ చాలా ఆందోళనగా పట్టింది. తెల్లారేసరికి ఒక ఉపాయం తట్టింది. రాయడం పనే. కూర్చోవడం మాత్రం పని కాదు. షబ్బత్ ఉన్నదే కూర్చోవడానికి. నాలుగువందల సంతకాలు లేకపోతే పోనీ, నాలుగువందల మంది కూర్చుని కనిపిస్తే చాలు.

కాకపోతే మావాళ్ళను ఒక చోట నుంచి ఇంకో చోటుకి కదపడం అంత తేలికైన పని కాదు. ముఖ్యంగా ప్రార్థన అయ్యాక, తిండి దగ్గర. అప్పుడు ఎవరైనా కదిలారంటే ఒక్క కుగెల్ కోసమే. బంగాళదుంపలు తురిమి పెద్ద ట్రేలలో కాల్చే మా బూబా కుగెల్‌కి అంచులు గోధుమరంగులో కరకరలాడుతూ ఉంటాయి. వాటి కోసం గౌరవనీయులు కూడా మోచేతులు వాడతారు.

రబ్బీ దీవెన ముగించీ ముగించకుండానే కుగెల్ ట్రేలున్న చక్రాల బల్లని పట్టుకుని తలుపు వైపు తోశాను. మా పేట చుట్టూ స్తంభాలకి కట్టిన తీగ ఉంది. దాని లోపల షబ్బత్ రోజున వస్తువులు మోయొచ్చు, తోయొచ్చు. మతం వైపు నుంచి నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం బూబా వైపు నుంచి వచ్చింది.

"ఒసేయ్! ఆ కుగెల్ ఎక్కడికి పోతోంది?"

"గాలి కోసం, బూబా!"

"కుగెల్‌కి గాలెందుకే?"

అప్పటికే బల్ల కొండవాలు అందుకుంది. అక్కడి నుంచి నేను తోశానని ఎవరూ అనలేరు. అదే పోయింది, దాని వెనక నేను వేలాడుతూ పోయాను. నా వెనక బూబా, ఆమె వెనక రబ్బీ, ఆయన వెనక కాగితం పళ్ళాలు పట్టుకుని సమాజమంతా. మా తాతల తాతలు ఈజిప్టు నుంచి బయటపడ్డప్పుడు కూడా ఎడారిలో ఇంత పట్టుదలగా నడిచి ఉండరు.

బస్టాపు దగ్గర గడ్డిలో గుచ్చుకుని బల్ల ఆగింది. ట్రేలన్నీ క్షేమం.

"ఇవాళ ఇక్కడే!" అని అరిచాను. "అందరూ కూర్చోండి! అంచు ముక్కలు కూర్చున్నవాళ్ళకే!"

కూర్చున్నారు. కాలిబాట అంచున, పిట్టగోడ మీద, గడ్డి మీద. ఎనభై మంది దాకా ఉంటారు. బూబా మాత్రం నిలబడి నా వైపు చూస్తోంది. ఆ చూపుతో ఇంకో ట్రే కుగెల్ కాల్చొచ్చు.

అప్పుడే కింది నుంచి ఇద్దరు వస్తూ కనిపించారు. పొడుగ్గా, ఎర్రని మెడతో, చంకలో ఫైలు పెట్టుకున్న మనిషి. ఆయన చెయ్యి పట్టుకుని, టోపీ పెట్టుకుని, మిసెస్ పోమెరాన్స్. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది. ఆవిడ ఊపిరి మా దాకా వినిపిస్తోంది. నమలడాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో పరిగెత్తి ఎదురింటి నుంచి కుర్చీ తెచ్చారు. ఆవిడ అందులో కూలబడి కళ్ళు మూసుకుంది.

"పదకొండుసార్లు ఆగారు," అన్నాడు ఆ మనిషి మెల్లగా. ఫైలు తెరిచి అది రాసుకున్నాడు. "నేను టాటర్సాల్ని. సంతకాలకి వచ్చాను." అని ఒక పెన్ను చాచాడు.

"గుడ్ షబ్బత్! వద్దులెండి," అన్నాడు మొదటాయన, నవ్వుతూ.

"వద్దండీ, థాంక్స్," అంది పక్కావిడ. "కుగెల్ తింటారా?"

పెన్ను వరస చివరిదాకా వెళ్ళి, ఎవరూ ముట్టుకోకుండానే తిరిగొచ్చింది. ఆయన చేతిలోకి మాత్రం మూడు కుగెల్ ముక్కలొచ్చాయి.

"నాకర్థం కావడం లేదు. మీ సంఘంలో నాలుగువందల మంది. ఒక్కరు కూడా సంతకం పెట్టరా?"

"ఏ సంఘమండీ?" అన్నారు రబ్బీ.

టాటర్సాల్ కాగితం తీసి చదివాడు. మొత్తం చదివాడు. "కూర్చోవడంలో నాకు యూరప్ అంతటా పేరుంది" అన్నచోట ఎవరో దగ్గారు. రబ్బీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఒక మేఘం వైపు చూస్తున్నాను. చాలా మంచి మేఘం.

"పోమెరాన్స్ గారూ, మీరేనా రాసింది?" అన్నారు రబ్బీ.

ఆవిడ కళ్ళు తెరిచింది. "నాకు కంప్యూటరే లేదు. ఈయన వచ్చి తలుపు కొట్టి, అధ్యక్షురాలి గారూ, అన్నాడు. ఏడు వారాల తర్వాత ఒక శనివారం మనిషి గొంతు వినబడితే కాదంటానా? టోపీ పెట్టుకుని బయల్దేరాను."

టాటర్సాల్ ఫారం తిరగేసి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "చూడండమ్మా, నేను చూడాల్సింది చూశాను. ఎనభై మంది బెంచీ లేక రోడ్డు మీద కూర్చున్నారు. మీరు పదకొండుసార్లు ఆగారు. నాకు అది చాలు, సంతకాలు వద్దు. బుధవారానికి బెంచీ బిగిస్తారు. కానీ దరఖాస్తు ఎవరిదో ఇక్కడ నిజం పేరు ఉండాలి. దొంగపేరు మీద ఒక్క మేకు కూడా కొట్టనివ్వరు. రాసిందెవరో చెబితే ఇప్పుడే రాసుకుంటాను, లేకపోతే ఈ కాగితం చెత్తబుట్టకే."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎవరో చాలా తెలివైనవాళ్ళు రాసినట్టున్నారు," అన్నాను. "భాష బాగుంది."

ఎనభై తలలు నా వైపు తిరిగాయి.

"జిస్సీ," అన్నారు రబ్బీ.

"ఒసేయ్," అంది బూబా. "మొన్న నా కంప్యూటర్‌లో ఏం చేశావే?"

హోంవర్కు అందామని నోరు తెరిచాను. కుర్చీలో మిసెస్ పోమెరాన్స్ ఇంకా రొప్పుతోంది. ఆవిడ చెయ్యి టాటర్సాల్ ఫారం అంచు పట్టుకుని ఉంది, గాలికి ఎగిరిపోకుండా.

"నేనే," అన్నాను. "నేనే రాశాను. ఆవిణ్ణి అడగలేదు. ఈయనకి శనివారం రమ్మని చెప్పింది కూడా నేనే, పెన్నుల సంగతి మర్చిపోయాను. కుగెల్‌కి గాలి అవసరం లేదు. సంఘం కూడా లేదు."

టాటర్సాల్ కుగెల్ ముక్క మోకాలి మీద పెట్టుకుని పెన్ను మూత తీశాడు. "పేరు?"

"జిస్సీ ఫెల్డర్. పద్నాలుగేళ్ళు."

"ఇక్కడ సభ్యుల సంఖ్య అని ఉంది. నాలుగువందలు కొట్టేసి ఎంత వెయ్యను?"

బూబా నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. రబ్బీ ఎదురుచూస్తున్నారు.

"ఒకటండీ," అన్నాను. "పోమెరాన్స్ గారు ఒప్పుకుంటే రెండు."